వెలుగు వేరు, కబురు వేరు

ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, కంబం



తేని జిల్లాలోని మన కంబం లోయకు పెరియారు నీళ్లు మళ్లించిన ఆనకట్ట 1895లో పూర్తయింది. ఆ ఏడాది జనవరి 12న భీమవరంలో సుబ్బారావుగారు పుట్టారు. బోదకాలు వ్యాధికి ఇప్పటికీ వాడుతున్న డైఇథైల్ కార్బమజీన్ మాత్ర ఆయన నడిపిన పరిశోధనాలయం నుంచి వచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన జట్టుకు నాయకుడు ఆయనే. ఇవన్నీ పాఠాల్లో ఉన్నవే. నేను ఈ రోజు ఆయన చేసిన మరో పనిని పట్టుకుని మాట్లాడతాను. అది ఒక నీలిరంగు ఎంత త్వరగా వస్తుందో కొలిచిన పని.

నాకిచ్చిన ప్రశ్న ఇది: జీవకణాలు ఒకదానితో ఒకటి వెలుగుతోనూ విద్యుత్తుతోనూ మాట్లాడుకుంటాయా? జవాబు ముందే చెప్పేస్తాను. విద్యుత్తుతో మాట్లాడుకుంటాయి, ఇందులో సందేహం లేదు. కణాలు వెలుగుతాయి కూడా, ఇందులోనూ సందేహం లేదు. కానీ తాము వెలిగించే ఆ వెలుగుతోనే ఒకదానికొకటి కబురు పంపుకుంటాయన్నది ఇంకా రుజువు కాలేదు. ఈ తేడాను ఎలా పట్టుకోవాలన్నదే నా ఉపన్యాసం.

ఒకే ఏడాది, రెండు ఊళ్లు

1923 అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టన్ చేరారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చి ఎం.బి.బి.ఎస్. కాకుండా ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే చేతికొచ్చిన మనిషి ఆయన. హార్వర్డులో చదువుకుంటూ, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేసుకుంటూ, సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని రక్తంలోనూ కండరంలోనూ భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టడం.

1925లో ఇద్దరి పేర్లతో ఆ పద్ధతి అచ్చయింది. నమూనాలో మాలిబ్డేటు కలిపి, ఇంకో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కనవుతుంది. రంగులోంచి వచ్చే వెలుగును పక్కనున్న ప్రమాణ ద్రావణంతో పోల్చి చూసి లెక్క కట్టేవారు. నేటికీ ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలల్లో 'ఫిస్క్–సుబ్బారావు పద్ధతి' అనే పేరు వినిపిస్తుంది.

కండరం నుంచి తీసిన నమూనాల దగ్గర చిక్కొచ్చింది. నీలిరంగు రావలసినంత వేగంగా రాలేదు, ఆలస్యంగా చిక్కబడింది. ఇంకొకరైతే రసాయనాలు పాతబడ్డాయని సరిపెట్టుకునేవారేమో. వీళ్లిద్దరూ మాత్రం ఆలస్యానికి కారణం వెతికారు. ఆమ్లంలో నెమ్మదిగా విడిపోయి భాస్వరాన్ని వదిలే పదార్థమేదో కండరంలో ఉండి తీరాలనుకున్నారు. దాన్ని వేరుచేసి, అది క్రియాటిన్, భాస్వరం కలిసిన ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో ప్రకటించారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ నిండుతుంది. అదే ఏడాది ఇంగ్లండులో ఎగ్ల్‌టన్ దంపతులు కూడా, వీళ్లతో సంబంధం లేకుండా, అదే పదార్థం జాడ పట్టారు. 1929లో ఫిస్క్, సుబ్బారావులు అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అంటే ఏటీపీని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. జీవకణం చేసే దాదాపు ప్రతి పనికీ ఖర్చయ్యే నాణెం ఈ ఏటీపీయే.

ఇక రెండో ఊరు. అదే 1923లో క్రిమియాలోని సింఫెరోపోల్ నగరంలో అలెగ్జాండర్ గుర్విచ్ అనే రష్యన్ జీవశాస్త్రవేత్త రెండు ఉల్లిగడ్డలతో ప్రయోగం చేశాడు. ఒక ఉల్లి వేరుకొనను రెండో ఉల్లి వేరు పక్కకు తగలకుండా గురిపెట్టాడు. కొన్ని గంటల తర్వాత రెండో వేరును పలచగా కోసి సూక్ష్మదర్శినిలో పెట్టి, విభజన చెందుతున్న కణాలను లెక్కపెట్టాడు. గురిపెట్టిన పక్కన విభజనలు ఎక్కువగా ఉన్నాయన్నాడు. మధ్యలో మామూలు గాజు పెడితే ప్రభావం పోయిందన్నాడు, క్వార్ట్జ్ పలక పెడితే నిలిచిందన్నాడు. అతినీలలోహిత కాంతిని గాజు ఆపుతుంది, క్వార్ట్జ్ వదులుతుంది. కాబట్టి ఒక వేరులోని కణాలు అతినీలలోహిత కాంతిని వెదజల్లి పక్క వేరు కణాలను విభజనకు పురికొల్పుతున్నాయని ఆయన తేల్చాడు.

ఆలోచన అందమైనదే. ఆ తర్వాతి పదిహేనేళ్లలో ఈ కిరణాల మీద వందల పత్రాలు వచ్చాయి. తర్వాత హోలోగ్రఫీ కనిపెట్టి నోబెల్ అందుకున్న డెన్నిస్ గాబోర్ కూడా యౌవనంలో దీని మీద పనిచేశాడు. కొందరికి ప్రభావం కనిపించింది, కొందరికి కనిపించలేదు. చివరకు అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ హోలెండర్, వాల్టర్ క్లాస్ ఎంతో జాగ్రత్తగా కొలతలు తీసి, 1937లో అచ్చువేసిన నివేదికలో తమకు ఏ కిరణమూ దొరకలేదని చెప్పారు. ఆ తర్వాత ఈ రంగం దాదాపు మూతపడింది.

సుబ్బారావుగారి అనుమానం నిలిచింది, గుర్విచ్ అనుమానం నిలవలేదు. తేడా తెలివిలో లేదు. గుర్విచ్ ఏమాత్రం సామాన్యుడు కాదు. పిండం పెరిగే తీరును అర్థం చేసుకోవడానికి 'క్షేత్రం' అనే భావనను జీవశాస్త్రంలోకి తెచ్చినవాళ్లలో ఆయనొకడు. తేడా మరెక్కడో ఉంది. నీలిరంగు ఆలస్యానికి కారణమైన పదార్థం సీసాలో చేతికొచ్చింది, ఇంకో దేశంలో ఇంకొకరికీ అదే దొరికింది. ఉల్లివేరు వెలుగు మాత్రం చూసినవాడి లెక్కలోనే ఉండిపోయింది. కణాలు లెక్కపెట్టే మనిషికి ఏ పక్కన ఎక్కువ రావాలో ముందే తెలిస్తే ఆ లెక్కను నమ్మడం కష్టం.

పెరటి దారిన వచ్చిన వెలుగు

కథ అక్కడ ఆగితే నేను ఇంత దూరం మిమ్మల్ని తీసుకురానక్కర్లేదు. తలుపు మూసిన హోలెండరే తెలియకుండా దాన్ని మళ్లీ తెరిచాడు. ఆ దారిలో సుబ్బారావుగారి ఏటీపీ కూడా నడిచింది.

అతినీలలోహిత కాంతిని కొలవడంలో వచ్చిన నేర్పును హోలెండర్ వృథా పోనివ్వలేదు. తర్వాతి ఏళ్లలో చర్మానికి తామర తెచ్చే ఒక శిలీంద్రం మీద రకరకాల తరంగదైర్ఘ్యాల కాంతి వేసి చూశాడు. కేంద్రకామ్లాలు ఏ కాంతిని ఎక్కువగా పీలుస్తాయో, ఉత్పరివర్తనాలు కూడా ఆ కాంతికే ఎక్కువగా వచ్చాయి. జన్యువు కేంద్రకామ్లంలో ఉండొచ్చన్న తొలి సూచనల్లో ఇదొకటి. యుద్ధం ముగిశాక 1946లో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో జీవశాస్త్ర విభాగానికి ఆయన అధిపతి అయ్యాడు.

మరోవైపు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం మెక్ఎల్రాయ్ మిణుగురుల మీద పనిచేస్తున్నాడు. విశ్వవిద్యాలయం ఉన్న బాల్టిమోర్‌లో పిల్లలకు డబ్బులిచ్చి మిణుగురులను పట్టించేవాడు. వాటి వెలుగు అవయవాన్ని నూరి రసం తీస్తే కాసేపు వెలిగి ఆరిపోతుంది. ఆరిపోయిన రసంలో ఏటీపీ కలిపితే మళ్లీ వెలుగుతుందని 1947లో ఆయన చూపించాడు. మిణుగురు దీపం వెలగాలంటే ఏటీపీ కావాలి. బోస్టన్లో కండరం నుంచి వేరుచేసిన పదార్థం పురుగు తోకలో వెలుగైంది. ఎక్కడ ఏటీపీ ఉందో వెతకడానికి మిణుగురు రసం సాధనమైంది. పాల డెయిరీల్లోనూ వంటశాలల్లోనూ పాత్రల శుభ్రత పరీక్షించే పరికరాల్లో ఈనాటికీ వాడేది ఆ రసాయన చర్యనే.

మెక్ఎల్రాయ్ శిష్యుడు బెర్నార్డ్ స్ట్రెలర్, ఓక్ రిడ్జ్‌లో విలియం ఆర్నాల్డ్‌తో కలిసి ఒక ప్రశ్న వేసుకున్నాడు: కిరణజన్య సంయోగక్రియలో ఆకు ఏటీపీని తయారుచేస్తుందా? పత్రహరిత రేణువుల మీద కాంతి వేసి, చీకట్లోకి తెచ్చి, మిణుగురు రసం కలిపి, వెలుగు వస్తుందేమో కొలిచారు. వచ్చింది. తీరా చూస్తే మిణుగురు రసం కలపకపోయినా వచ్చింది! చీకట్లో పెట్టిన ఆకు తనంతట తాను మసకగా వెలుగుతోంది. పీల్చుకున్న కాంతిశక్తిలో కొంత వెనక్కి మళ్లి వెలుగుగా బయటికొస్తోంది. 1951లో ఇద్దరూ ఆ సంగతి ప్రకటించారు. గుర్విచ్ కిరణాలు లేవన్న మనిషి నడిపిన విభాగంలోనే ఆకుపచ్చ మొక్కలు చీకట్లో వెలుగుతాయని తేలింది.

అతి తక్కువ వెలుగును కూడా పట్టే ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు చేతికొచ్చాక ఇటలీలో కొల్లీ, ఫక్కీనీ బృందం 1950ల నడుమ మొలకల నుంచి కూడా అతి బలహీనమైన వెలుగు వస్తోందని కొలిచారు. 1970ల నుంచి జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఫ్రిట్స్ ఆల్బర్ట్ పాప్ దీనికి 'బయోఫోటాన్' అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చాడు. 2009లో జపానులో మసాకి కొబయాషి బృందం మనిషి దేహాన్నే ఫోటో తీసింది. సున్నా కంటే 120 డిగ్రీలు కిందికి చల్లబరచిన కెమెరా ముందు, పూర్తి చీకటి గదిలో, ఆరోగ్యవంతులైన యువకులను 20 నిమిషాలపాటు కూర్చోబెట్టారు. దేహం వెలుగుతోంది. ముఖం మిగతా భాగాలకంటే ఎక్కువ వెలుగుతోంది. పగలు 10 గంటలకు తక్కువ, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో ఎక్కువ. ఆ వెలుగు మన కంటికి ఆనే వెలుగులో వెయ్యో వంతు. వేడిని చూపే చిత్రాలతో పోలిస్తే అది వేడి వల్ల వచ్చేది కాదని కూడా తేలింది.

అది ఎందుకొస్తుందో చాలావరకు తెలుసు. కణంలో ఆక్సిజన్ వాడే చోట కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పుతాయి. వాటి వల్ల చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అవి కొవ్వులనూ ప్రోటీన్లనూ కొరికినప్పుడు కొన్ని అణువులు శక్తి ఎక్కువున్న స్థితికి చేరి, తిరిగి దిగుతూ ఒక్కొక్క ఫోటాన్‌ను, అంటే వెలుగు రేణువును, వదులుతాయి. చెప్పాలంటే అది పొయ్యి మీది పొగ. పక్కింటి పొగ చూసి వాళ్లు వంట మొదలుపెట్టారని మనం తెలుసుకోవచ్చు. అంతమాత్రాన వాళ్లు మనల్ని భోజనానికి పిలిచినట్టు కాదు.

ఒక లెక్క

విద్యార్థులు కాగితం తీస్తే ఒక చిన్న లెక్క చేద్దాం. దేహం నుంచో ఆకు నుంచో ఒక చదరపు సెంటీమీటరు మేర సెకనుకు వచ్చే ఫోటాన్లు కొన్ని పదుల నుంచి కొన్ని వందలదాకా ఉంటాయి. వంద అనుకుందాం. కణం అడ్డుకొలత సుమారు పది మైక్రాన్లు. అంటే ఒక చదరపు సెంటీమీటరులో పది లక్షల కణాలు పడతాయి. సెకనుకు వంద ఫోటాన్లను పది లక్షల కణాలకు పంచితే, ఒక్కో కణం వంతుకు ఒక ఫోటాన్ రావడానికి 10,000 సెకన్లు పడుతుంది. అది సుమారు రెండుగంటల ముప్పావు. లోపల పుట్టి బయటికి రాకుండా ఇంకిపోయే వెలుగు ఇంకొంత ఎక్కువే ఉండొచ్చు. పక్క కణం తాకేది మాత్రం అందులో కొంతే. నరంలో ఒక విద్యుత్ స్పందన సెకనులో వెయ్యో వంతు సమయంలో ముగుస్తుంది. మూడు గంటలకు ఒక అక్షరం వచ్చే భాషలో అత్యవసర కబుర్లు నడవవు.

'అయినా ఒక్క ఫోటానును కూడా పట్టగలిగే కణం ఉంటే?' అని మీలో ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అలాంటి కణం మన కంట్లోనే ఉంది. రెటీనాలోని దండకణం ఒక్క ఫోటానుకు స్పందించగలదు. అందుకోసం అది రోడాప్సిన్ అణువులను కోట్ల సంఖ్యలో పేర్చిపెట్టుకుంటుంది. కాబట్టి వెలుగుతో కబురు అసాధ్యమని ఎవరూ కొట్టిపారేయలేరు. కానీ కబురు ఉందనేవాళ్లు అందుకునే యంత్రాన్ని కూడా చూపించాలి.

కబురును గుర్తుపట్టే పరీక్ష

కబురు నిజమైనదా అని చూడటానికి మంచి ఉదాహరణలు మనకు చుట్టుపక్కలే ఉన్నాయి. కోయంబత్తూరు జిల్లాలో పొల్లాచ్చి పైన ఆనమలై పులుల అభయారణ్యంలో, ఉలాంది అడవుల్లో, వేసవి చివర లక్షల మిణుగురులు ఒక్కసారిగా వెలుగుతూ ఒక్కసారిగా ఆరుతూ ఉంటాయి. 2022లో తమిళనాడు అటవీశాఖ వాటిని సర్వే చేసింది. అక్కడ వెలుగు నిజంగానే కబురు. మిణుగురు జాతుల్లో ఒక్కో జాతికి ఒక్కో లయ, ఆ లయను బట్టే మగ, ఆడ ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. అమెరికాలో జేమ్స్ లాయిడ్ 1965లో రాసిన సంగతి ఇంకా గట్టి రుజువు. ఫోటూరిస్ ప్రజాతి ఆడ మిణుగురు వేరే జాతి ఆడదాని జవాబును అనుకరించి, ఆ జాతి మగవాడిని దగ్గరకు రప్పించి తినేస్తుంది. దొంగ సంతకం చెల్లుబాటయిందంటే అసలు సంతకానికి విలువ ఉన్నట్టే. చేతి టార్చితో ఆ లయను వెలిగించినా కొన్ని జాతులు జవాబిస్తాయి.

దీనికి ఎదురు ఉదాహరణ సముద్రంలో ఉంది. విబ్రియో ఫిషెరై అనే బాక్టీరియా గుంపుగా పెరిగినప్పుడే వెలుగుతుంది. వెలుగే వాటి భాష అనుకోవడం తేలిక. 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ చూపింది వేరు. అవి ఒకదానికొకటి రసాయనంతో కబురు పంపుకుంటాయి, సంఖ్య తగినంత అయిందని తెలిశాక వెలుగుతాయి. ఈ హేస్టింగ్స్ కూడా మెక్ఎల్రాయ్ దగ్గర మిణుగురుల మీద పనిచేసినవాడే. అక్కడ మాట రసాయనం, వెలుగు ఆ మాట వల్ల జరిగిన పని.

మూడో ఉదాహరణ మదురైది. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్, జి. మారిముత్తు, ఎస్. రాజన్ ఒక చీకటి గుహలోని గబ్బిలాల మీద పనిచేశారు. గుహ లోపల పగలూ రాత్రీ ఒకటే. అయినా గబ్బిలాలు సాయంత్రం వేళకే బయలుదేరతాయి. కొన్నింటిని పంజరాల్లో గుహలోనే ఉంచితే, స్వేచ్ఛగా తిరిగే తోటివాటి రాకపోకలతో కలిసి వాటి గడియారం సరిగ్గా నడిచింది. తోటివాటి సందడి లేని ఒంటరి గుహలో పెడితే ఆ గడియారం తప్పింది. కాలాన్ని తెలిపింది తోటి గబ్బిలాలే అని 1981లో ప్రకటించారు. పంపేవాళ్లను తీసేసి, అందుకునేవాళ్లకు ఏమవుతుందో చూడటం ఈ ప్రయోగానికి ప్రాణం.

ఈ మూడింటి నుంచి మూడు ప్రశ్నలు తీసుకుందాం. ఆ సంకేతాన్ని మనమే కృత్రిమంగా పంపితే జవాబు వస్తుందా? దాన్ని ఆపితే, మిగతావేవీ మార్చకుండా, జవాబు ఆగుతుందా? అందుకునే అవయవమో అణువో ఏది? గుర్విచ్ ఉల్లిగడ్డలు రెండో ప్రశ్న దగ్గరే తడబడ్డాయి. జాగ్రత్తగా కొలిచిన హోలెండర్, క్లాస్‌లకు ఆపడానికి ఏ కిరణమూ దొరకలేదు.

విద్యుత్తు పరీక్ష నెగ్గింది

ఇప్పుడు విద్యుత్తు వైపు వద్దాం. ప్రతి జీవకణం పొరకు ఇవతలా అవతలా విద్యుత్ తేడా ఉంటుంది, నరకణానికి అది సుమారు 70 మిల్లీవోల్టులు. అంకె చిన్నదే. కానీ ఆ పొర మందం కొన్ని నానోమీటర్లే. మీటరుకు లెక్కగడితే కోటి వోల్టులు అవుతుంది. గాలిలో నిప్పురవ్వ పుట్టడానికి మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు చాలు. మనలో ప్రతి నరకణం అంతకంటే బలమైన విద్యుత్ క్షేత్రాన్ని మోస్తోంది.

కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ 1895లో విద్యుదయస్కాంత తరంగాల మీద తన తొలి పత్రాన్ని ఏషియాటిక్ సొసైటీకి సమర్పించాడు. తర్వాత ఆయన దృష్టి మొక్కల మీదికి మళ్లింది. అత్తిపత్తి ఆకు తాకగానే ముడుచుకోవడం వెనక విద్యుత్ సంకేతం నడుస్తుందని సున్నితమైన పరికరాలతో చూపించాడు. ఆనాటి వృక్షశాస్త్రజ్ఞుల్లో చాలామంది ఒప్పుకోలేదు. మొక్కకు మనసుందన్నంత దూరం ఆయన వెళ్లడమూ అందుకు ఒక కారణం. విద్యుత్ సంకేతం మాత్రం నిలిచింది. 2013లో స్విట్జర్లాండులోని లొజాన్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఫార్మర్ బృందం ఒక ఆకును గాయపరిస్తే విద్యుత్ సంకేతం దూరపు ఆకుకు వెళ్తుందని, అక్కడ రక్షణ మొదలవుతుందని, అందుకు కావలసిన జన్యువులను తీసేస్తే సంకేతం బలహీనపడుతుందని చూపింది.

అంతకంటే ఆశ్చర్యం బాక్టీరియాది. 2015లో సాన్ డియేగోలో గురోల్ సూయెల్ బృందం బాసిల్లస్ సబ్టిలిస్ గుంపులను పరిశీలించింది. గుంపు నడుమనున్న కణాలకు తిండి చాలనప్పుడు అవి పొటాషియం వదులుతాయి. దాంతో పక్క కణాల విద్యుత్ స్థితి మారి, అవీ పొటాషియం వదులుతాయి. ఈ అల అంచుదాకా వెళ్తుంది. అంచు కణాలు తినడం తగ్గిస్తాయి, నడుమకు తిండి చేరుతుంది. పొటాషియం ద్వారాన్ని నిర్మించే ఒక జన్యువును తీసేస్తే అల ఆగిపోతుంది. పంపేది తెలుసు, అందుకునేది తెలుసు, ఆపితే ఆగింది.

సుబ్బారావుగారి ఏటీపీ ఇక్కడ కూడా ఉంది. అది శక్తి నాణెమేనని అనుకుంటున్న రోజుల్లో, 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ అది కణం నుంచి కణానికి వెళ్లే కబురు కూడా అన్నాడు. చాలా ఏళ్లు నవ్వారు. తర్వాత ఏటీపీని అందుకునే గ్రాహక ప్రోటీన్లు ఒక్కొక్కటిగా దొరికాయి. అందుకునేది దొరికాక వాదన ముగిసింది.

ద్రాక్ష పందిరి కింద

వెలుగుతో కబురే లేదా అంటే, ఉంది. అది మన తోటల్లోనే ఉంది, కాకపోతే అందులో వెలుగు సూర్యుడిది. పత్రహరితం ఎర్రని కాంతిని పీల్చుకుంటుంది. అంతకంటే కాస్త పొడుగు తరంగాలున్న సుదూర ఎరుపును పీల్చకుండా వెనక్కి వదులుతుంది. మొక్కలో ఫైటోక్రోమ్ అనే అణువు ఈ రెండు ఎరుపుల నిష్పత్తిని కొలుస్తుంది. ఎండలో ఎరుపుదే పైచేయి, ఆకుల పక్కన సుదూర ఎరుపుదే పైచేయి. పక్కన ఇంకో మొక్క ఉంటే, దాని నీడ ఇంకా తన మీద పడకముందే, దాని ఆకుల నుంచి మళ్లివచ్చే సుదూర ఎరుపును పట్టి మొక్క కాండాన్ని పొడుగు సాగిస్తుంది.

1990లో అర్జెంటీనాలో కార్లోస్ బయ్యారే బృందం దీన్ని రుజువు చేసిన తీరు ద్రాక్ష రైతులకు నచ్చుతుంది. మొలక కాండం చుట్టూ మైలుతుత్తం ద్రావణం నింపిన తొడుగు పెట్టారు. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా మీరు తీగలకు కొట్టే మైలుతుత్తమే. ఆ నీలి ద్రావణం సుదూర ఎరుపును మింగేసి మిగతా వెలుగును చాలావరకు పోనిస్తుంది. తొడుగు ఉన్న మొక్కలకు పక్కవాళ్ల జాడ తెలియలేదు, కాండం ఎదుగుదల మారింది. మూడు ప్రశ్నలకూ ఇక్కడ జవాబుంది. దీపంతో సుదూర ఎరుపు వేసినా అదే ఫలితం, ఆపితే ఆగింది, అందుకునే అణువు పేరు తెలుసు.

2023లో భౌగోళిక గుర్తింపు పొందిన మన పన్నీర్ ద్రాక్ష ఏడాది పొడుగునా కాపుకొస్తుంది. అయినా పందిరి మీద ఆకు మరీ దట్టమై మొగ్గకు వెలుగు తగలకపోతే తర్వాతి కాపులో గెలలు తగ్గుతాయి. కత్తిరింపు రోజు రైతు చేసే పనుల్లో మొగ్గకు వెలుగు చూపడం ఒకటి.

తేలనిది, అమ్ముడుపోతున్నది

కణాలే పుట్టించే బలహీనమైన వెలుగు సంగతి ఇంకా తేలలేదు. 2009లో డానియల్ ఫెల్స్ పారమీసియాలనే ఏకకణ జీవులను చీకట్లో, ఒక గుంపును గాజులో, ఒక గుంపును క్వార్ట్జ్‌లో ఉంచి, ఒక గుంపు ఎదుగుదల మీద మరో గుంపు ప్రభావం ఉందని రాశాడు. 2016లో క్రిస్టఫ్ సైమన్ బృందం నరాల చుట్టూ ఉండే మైలిన్ తొడుగు ఆప్టికల్ ఫైబరులాగా వెలుగును నడపగలదని లెక్కకట్టి చూపింది. అది లెక్క, కొలత కాదు. 2025లో కాల్గరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు బతికున్న ఎలుకల వెలుగు, చనిపోయిన ఎలుకల వెలుగు కంటే బాగా ఎక్కువని చిత్రాలు తీశారు. గాయమైన ఆకు గాయం దగ్గర ఎక్కువ వెలుగుతుందని కూడా చూపారు. ఒత్తిడిని ముందే పసిగట్టే సాధనంగా ఇది పనికొస్తుందేమో. అది మనం కణాల గురించి తెలుసుకోవడం. కణాలు ఒకదానికొకటి చెప్పుకోవడం వేరే సంగతి.

ఇంత బలహీనమైన దాన్ని కొలవడం ఎంత కష్టమో తేని జిల్లావాళ్లకు వివరించనక్కర్లేదు. పొట్టిపురం దగ్గర న్యూట్రినో పరిశోధనాలయం పెట్టాలన్న ప్రతిపాదన మీద ఏళ్ల తరబడి వాదం నడిచింది. ఆ వాదంలో మీరు ఏ పక్కనున్నా, కొండ కింద కిలోమీటరు రాయి కావాలని శాస్త్రజ్ఞులు ఎందుకడిగారో తెలుసు. ఆకాశం నుంచి పడే కాస్మిక్ కిరణాల రొదలో న్యూట్రినో వినబడదు. ఫోటాన్లు లెక్కపెట్టే ట్యూబులో కూడా అదే చిక్కు. చీకట్లో పెట్టినా దానంతటది లెక్క చూపిస్తుంది, కాస్మిక్ కిరణం తగిలినా చూపిస్తుంది, కాసేపటి క్రితం గదిలో దీపం వెలిగిస్తే పాత్ర గోడలు కూడా కాసేపు వెలుగుతాయి. ఈ వెలుగు లేజరులా క్రమబద్ధమని పాప్ వాదించాడు. కానీ ఇంత తక్కువ ఫోటాన్లతో ఆ లెక్కల తీరు చూసి లేజరు వెలుగునూ మామూలు వెలుగునూ వేరుచేయలేమన్నది భౌతికశాస్త్రం చెప్పే మాట.

శాస్త్రం ఇక్కడ ఆగి ఉంటే వ్యాపారం ఎప్పుడో ముందుకెళ్లింది. బయోఫోటాన్ పట్టీలు, క్వాంటమ్ పలకలు, దేహకాంతిని సరిచేస్తామనే యంత్రాలు ఊళ్లలోకి వస్తున్నాయి. కీళ్లనొప్పులున్న పెద్దలు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు వేలు పోసి కొంటున్నారు. మన దేహం వెలుగుతుందని వాళ్లు చెప్పే మాట అబద్ధం కాదు. అందుకే దాని పక్కన పెట్టిన అబద్ధం నమ్మకంగా వినిపిస్తుంది.

వైద్యంలో విద్యుత్తుకూ వెలుగుకూ ఉన్న అసలు చోటు వేరు. గుండె విద్యుత్తును చదివే ఈసీజీకి విల్లెమ్ ఐంథోవెన్ 1924లో నోబెల్ అందుకున్నాడు. పుట్టిన బిడ్డకు పచ్చకామెర్లు వస్తే నీలికాంతి కింద పడుకోబెట్టే చికిత్సను ఇంగ్లండులో క్రెమర్ బృందం 1958లో ప్రకటించింది. నీలికాంతి బిలిరుబిన్ అణువు ఆకారాన్ని మారుస్తుంది, దేహం దాన్ని బయటికి పంపేస్తుంది. ఏ వెలుగు, ఎంత, ఏ అణువు మీద పనిచేస్తుందో చెప్పగలిగినందువల్లే అది ప్రతి పెద్దాసుపత్రికీ చేరింది. పట్టీ అమ్మేవాడిని ఈ మూడే అడగండి.

విద్యార్థులకు

చివరగా విద్యార్థులతో రెండు మాటలు. కణాల వెలుగు కబురు మోస్తుందా అన్నది మూసేసిన ప్రశ్న కాదు. మీలో ఎవరైనా తేల్చవచ్చు. కానీ ఆ పనికి దిగేవాళ్లు గుర్విచ్ ఊహనూ హోలెండర్ అనుమానాన్నీ రెంటినీ వెంట తీసుకెళ్లాలి. ప్రయోగం చేసేవారికి ఏ పాత్ర ఏదో తెలియకుండా గుర్తులు మార్చాలి. గాజుకూ క్వార్ట్జ్‌కూ మధ్య తేడా వెలుగు వల్ల వచ్చిందా, వాసనల వల్ల వచ్చిందా, వేడి వల్ల వచ్చిందా అని విడివిడిగా చూడాలి. అదే బలం గల వెలుగును దీపంతో పంపి, జవాబు వస్తే అప్పుడు అందుకునే అణువును వెతకాలి. మీ ఫలితాన్ని వేరే ఊళ్లో మీకు పరిచయం లేనివాళ్లు తిరిగి తెచ్చాక, అప్పుడు దానికి పేరు పెట్టండి.

నీలిరంగు ఆలస్యమైందని సుబ్బారావుగారు ముందు పేరు పెట్టలేదు, సిద్ధాంతం కట్టలేదు. మళ్లీ కొలిచారు, వేరుచేశారు, సీసాలో చూపించారు. ఆ దారిలోనే దొరికిన ఏటీపీ తర్వాతి దశాబ్దాల్లో కండరంలో శక్తిగా, మిణుగురులో వెలుగుగా, నరంలో కబురుగా కనిపించింది. ఆయన స్మృతికి మనం చేయగలిగిన గౌరవం ఆయన క్రమాన్ని పాటించడమే: కొలత ముందు, కథ తర్వాత.